ఏరు పట్టుకుని కొండెక్కడం: వంశధార వెంబడి మూడు రోజులు

శ్రీకాకుళం వస్తున్నామని ఎవరైనా ఫోన్ చేస్తే మేం చెప్పే జాబితా మాకే బట్టీ వచ్చేసింది. అరసవల్లి సూర్యుడు, శ్రీకూర్మం, పలాస జీడిపప్పు, మందస కోవా. వచ్చినవాళ్లు కూడా ఒక్కపూటలో రెండు గుళ్లూ చూసేసి, జీడిపప్పు పొట్లాలు డిక్కీలో పడేసి, "ఇంకేముంది ఇక్కడ, అరకు పోదాం" అని బండి తిప్పేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. అరకు బాగోదని కాదు. ఈ జిల్లాని ఎలా చూడాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం ఇది. ఫోన్‌లో చుక్కలు పెట్టుకుని ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి ఉరికితే ఇక్కడ ఏదీ అర్థం కాదు, ఇటుకల గుట్ట ఇటుకల గుట్టలాగే, కొండ కొండలాగే కనిపిస్తుంది.

నేను చెప్పే పద్ధతి చాలా సులువు. ఏరు పట్టుకోండి. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీరు దాన్ని తిరగేసి, సముద్రం దగ్గర మొదలుపెట్టి ఎగువకి వెళ్లండి. రేవు, బౌద్ధుల కొండ, గంగరాజుల రాజధాని, ఆనకట్ట, సవర గిరిజనుల గూడలు, జలపాతాలు అన్నీ ఆ ఏటి ఒడ్డునో, ఆ ఏటిలోకి దిగే గెడ్డల, అంటే వాగుల ఒడ్డునో వరసగా వస్తాయి. పాతకాలంలో మనుషులు, సరుకులు, దేవుళ్లు అందరూ వచ్చిన దారి అదే కాబట్టి కథ దానంతటదే అర్థమైపోతుంది. మూడు రోజులు చాలు, రెండు రోజులైతే హడావుడి.

ఎప్పుడు రావాలంటే, కార్తీకం నుంచి మాఘం దాకా. అక్టోబరు మొదట్లోనే టికెట్లు తీసేసుకునే వాళ్లకి ఒక మాట: మాకు తుపాన్ల నెల అది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని ఎలా పడుకోబెట్టిందో చూసినవాళ్లెవరూ ఆ నెలలో వాతావరణ కబురు చూడకుండా ఇల్లు కదలరు. వానాకాలంలో కొండలు పచ్చగా చాలా అందంగా ఉంటాయి, నిజమే, కానీ గెడ్డల సంగతి తెలియని వాళ్లు అప్పుడు రాకపోవడమే మంచిది. ఎందుకో కింద చెప్తాను, నా సొంత అనుభవమే. ఎండాకాలం మాత్రం వద్దు. పనసపండు, జీడిమామిడి కోసమే వచ్చేవాళ్లుంటే వాళ్ల ఇష్టం.

రైల్లో వస్తే దిగాల్సింది శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అది ఉన్నది ఆమదాలవలసలో. శ్రీకాకుళం ఊళ్లో స్టేషన్ లేదు, కొత్తవాళ్లు ఇక్కడ ఒకసారి తికమక పడతారు. అక్కడి నుంచి ఆటోలో కాంప్లెక్స్‌కి వచ్చేయండి. కాంప్లెక్స్ అంటే షాపింగ్ మాల్ కాదు, మా వైపు ఆర్టీసీ బస్టాండ్‌ని అలాగే అంటాం. బండి ఉంటే సుఖమే, కానీ బస్సు, సర్వీసాటోలతో కూడా ఈ ప్రయాణం పూర్తిగా చేయొచ్చు, నేను మొదటిసారి అలాగే చేశాను. బస్సులో పక్క సీటు పెద్దాయన చెప్పే కబుర్లు కారులో దొరకవు.

మొదటిరోజు తెల్లారకముందే కళింగపట్నం చేరండి. గార మీదుగా దారి. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు లైట్‌హౌస్, బీచ్, చేపల పడవలు. బీచ్ దగ్గర ఎక్కువసేపు వద్దు, సెల్ఫీలు ఎక్కడైనా ఒకటే. ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు నడవండి. పొద్దు పొడిచేటప్పుడు ఒక పక్క ఉప్పునీళ్లు నీలంగా, ఇంకో పక్క ఏటి నీళ్లు మట్టిరంగులో కనిపిస్తాయి, మధ్యలో ఇసుక దిబ్బ. ఆ మట్టి అంతా మీరు మూడో రోజు ఎక్కబోయే కొండల మీది నుంచి వచ్చిందే. ఇది గుర్తుపెట్టుకుని వెనక్కి తిరగండి.

అక్కడి నుంచి శాలిహుండం నాలుగైదు కిలోమీటర్లే. శ్రీకాకుళం నుంచి నేరుగా వస్తే సుమారు 18. ఏటి దక్షిణపు గట్టున చిన్న కొండ, దానిమీద ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు. మెట్లు ఎక్కేటప్పుడే రెండు పక్కలా కట్టడాలు మొదలవుతాయి. ఈ కొండ మీద బౌద్ధ క్షేత్రం ఉందని 1919లో బయటపెట్టింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. బళ్లో మనకి ఆయన్ని భాషా దినోత్సవం రోజు దండ వేసే ఫోటోగా మాత్రమే చూపించారు గానీ, ఈ ఏటి పొడుగునా మీకు ఆయన అడుగులు కనిపిస్తూనే ఉంటాయి, ఇది మొదటిది.

శాలిహుండంలో ఎలా చూడాలి? ముందు ఎగబడి పైకి పోకండి. మ్యూజియం తెరిచి ఉంటే మొదట అందులోకి వెళ్లండి, తార, మారీచి లాంటి బౌద్ధ దేవతల విగ్రహాలు చూడండి. అవి చూసి పైకెక్కితే, కింద ఉన్న పాత బౌద్ధం మీద తర్వాతి కాలపు దేవతల బౌద్ధం వచ్చి చేరిందని, అంటే ఇక్కడ మనుషులు వందల ఏళ్లు ఉన్నారని తడుతుంది. పైన గుండ్రటి పునాది దగ్గర నిలబడి ఇటుక సైజు గమనించండి, ఇప్పటి ఇటుకకంటే ఎంత వెడల్పో అరచేయి పక్కన పెట్టి చూడండి. పక్కన పెట్టి అన్నాను, పీకి కాదు. ఒక చిన్న ముక్కే కదా అని బ్యాగులో వేసుకునే వాళ్లని చూశాను, ఇంటికెళ్లాక అది అలమరలో ఉత్త ఇటుక ముక్క, ఇక్కడైతే ఒక గోడ. తర్వాత కొండ కొసకి వచ్చి సముద్రం వైపు చూడండి. మొగ కనిపిస్తుంది. రేవులో దిగిన వర్తకుడికి కొండ మీది స్తూపం, కొండ మీది భిక్షువుకి వచ్చే ఓడ, రెండూ ఒకరికొకరు కనిపించే చోటు చూసుకుని కట్టారని అక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం నుంచి అరసవల్లి, శ్రీకూర్మం చూసుకోండి, వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. రాత్రి శ్రీకాకుళంలోనే పడుకోండి. పై ఊళ్లలో బసకి నమ్మకం తక్కువ.

రెండో రోజు ముఖలింగం. ఇక్కడ ఏటి గట్లు తెలుసుకోవాలి. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస, సరుబుజ్జిలి, హిరమండలం మీదుగా కొత్తూరు వెళ్లే రోడ్డు ఏటికి కుడి గట్టున (నీళ్లు పారే దిక్కుకి చూస్తే కుడి) ఉంటుంది, ముఖలింగం ఎడమ గట్టున, జలుమూరు మండలంలో ఉంటుంది. ఒకసారి ఫోన్‌లో మ్యాప్ నాకు దగ్గరి దారి అని చూపించింది. చక్కగా బండి మీద ఏటి గట్టు దాకా తీసుకెళ్లి, అవతల గట్టున గుడి కనిపిస్తుండగా ఇసుకలో దింపింది. అక్కడ గేదెలు కడుగుతున్న పెద్దాయన నన్ను, బండిని ఎగాదిగా చూసి, "ఏటి బావూ, పడవ కోసమా? పడవ లేదు, ఎనక్కెల్లి తిరిగి రావాల" అన్నాడు. గంట పోయింది. కాబట్టి నరసన్నపేట, చల్లవానిపేట వైపు నుంచి వెళ్లండి, మ్యాప్ ఏం చెప్పినా సరే.

ముఖలింగంలో మూడు గుళ్లు, మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. తూర్పు గంగరాజుల కళింగనగరం ఇదే అంటారు. పూరీ జగన్నాథుడి గుడి కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశంవాడే. అంటే ఇప్పుడు బస్సు దిగి టీ తాగే ఈ చిన్న ఊరు ఒకప్పటి రాజధాని. మధుకం అంటే ఇప్పచెట్టు, స్వామి ఇప్పచెట్టులో వెలిశాడని స్థలపురాణం. కొండవాళ్ల చెట్టు, రాజుల గుళ్లో దేవుడు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, రేపు కొండమీద ఇప్పచెట్టు కనిపించినప్పుడు పనికొస్తుంది. గర్భగుడిలో లింగం వెనక పెద్ద గోలెం ఉంటుంది, దాని కథ పంతులుగారిని అడగండి, ఆయన చెప్పే తీరులో వింటేనే బాగుంటుంది.

శిల్పాలు చూడ్డానికి ఒక చిట్కా. మిట్టమధ్యాహ్నం వెళితే రాతి మీద వెలుగు నేరుగా పడి చెక్కడాలన్నీ చదునుగా కనిపిస్తాయి. పొద్దున్నే ఏటవాలు ఎండలో గాని, నాలుగు దాటాక గాని చూడండి. ప్రతి గీతకీ నీడ పడి బొమ్మ లేచి వస్తుంది. శాసనాలకీ అంతే. అక్షరాలు అరిగిపోయి ఏమీ కనపడని రాయి దగ్గర చిన్న టార్చిలైటుని గోడకి ఆనించినట్టు పక్క నుంచి వెయ్యండి, ఉన్నట్టుండి వరసలు కనిపిస్తాయి. ముగ్గుపిండి, సుద్ద రుద్ది చదవడం మాత్రం పాపం, రాయి పాడవుతుంది. సోమేశ్వరుడి గుడిని ఎక్కువమంది దారిలో వదిలేసి పోతారు, నాకైతే మూడింటిలో అదే ఇష్టం. దాని గుమ్మం చుట్టూ చెక్కడం ముందు పావుగంట ఊరికే నిలబడండి, కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో వరస పైకి చూసుకుంటూ రండి.

గిడుగు వారు పుట్టింది ఈ చుట్టుపక్కలే, పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఈ గుళ్ల శాసనాలు చదవాలనే పట్టుదలతోనే పాత లిపి సొంతంగా నేర్చుకున్నారు. ఆయన దగ్గర స్కాలర్‌షిప్పూ లేదు, గైడూ లేడు. పర్లాకిమిడిలో బడిపంతులు, సెలవుల్లో రాళ్లు చదివేవారు.

శివరాత్రికి వెళ్లేవాళ్లుంటే జనం ఊహకి అందనంతగా వస్తారు, ఒడిశా నుంచి కూడా. పండగ చివర వంశధారలో చక్రతీర్థ స్నానాలు. చూడాల్సిందే, కానీ అది వేరే ప్రయాణం, శిల్పాలు చూసే ప్రయాణం కాదు.

అదే రోజు కుడి గట్టుకి వచ్చి సరుబుజ్జిలి దగ్గర దంతపురం చూడొచ్చు. కళింగుల పాత రాజధాని అని, బుద్ధుడి దంతం ఉన్న చోటని చెప్తారు. కోట అని వెళ్లి రాతిగోడలు వెతికితే నిరాశే, అది మట్టికోట. పొలాల మధ్య పొడుగ్గా గట్టు లేచి ఉంటుంది, చెరువుగట్టు అనుకుని దాటిపోతారు. ఇలాంటివి చూసే అలవాటు లేనివాళ్లు మానేసినా ఫర్వాలేదు.

సాయంత్రానికి హిరమండలం. గొట్టా బ్యారేజీ ఇక్కడే. దీనికి కాస్త ఎగువన మహేంద్రతనయ వచ్చి వంశధారలో కలుస్తుంది. ఇక్కడొక తమాషా ఉంది: మహేంద్రగిరి నుంచి దిగే ఏళ్లు రెండు, రెండింటి పేరూ మహేంద్రతనయే. ఒకటి పర్లాకిమిడి, పాతపట్నం మీదుగా వచ్చి వంశధారలో కలుస్తుంది, ఇంకోటి మందస వైపు దిగి బారువ దగ్గర తానే సముద్రంలోకి పోతుంది. ఒక తల్లి కూతుళ్లు, ఒకరు ఉమ్మడి కాపురం, ఒకరు వేరు కాపురం. మహేంద్రగిరి శిఖరం ఒడిశాలో ఉంది, 1501 మీటర్లు, పైన కుంతి, భీముడు, ధర్మరాజు పేర్లతో పాత రాతిగుళ్లు ఉన్నాయి. గంగరాజుల కులదైవం గోకర్ణేశ్వరుడిది కూడా ఆ కొండే. దాన్ని ఈ మూడు రోజుల్లో ఇరికించకండి. ఇంకోసారి మందసలో దిగి, వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా తిని, ఒక రోజంతా దానికే కేటాయించండి. ఆ వైపు వెళ్లేవాళ్లు ఎలుగుబంట్ల సంగతి తెలుసుకోవాలి. మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో జీడిమామిడి, పనస పండే కాలంలో అవి తెల్లవారుజామున, మునిమాపున తిరుగుతాయి, మనుషుల్ని చంపిన సంఘటనలు ఉన్నాయి. తోటల్లోకి ఒంటరిగా పోకూడదు, అంతే.

హిరమండలంలో రిజర్వాయరు గట్టు మీద నిలబడితే నీళ్లు కళ్లకి ఆనందంగానే ఉంటాయి. 19 టీఎంసీల కోసం కట్టింది. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి, గుళ్లున్నాయి, చింతచెట్టు కింద రచ్చబండలున్నాయి. టీ కొట్టు దగ్గర ఎవరినైనా "మీదే ఊరండీ" అని అడిగితే కొందరు నీళ్ల వైపు చెయ్యి చూపిస్తారు. వారసత్వం అంటే వెయ్యేళ్ల రాళ్లే అనుకుంటాం. నిన్న మొన్నటి ఊరు కూడా వారసత్వమే, దానికి బోర్డు ఉండదు.

ఏట్లో స్నానం చెయ్యాలనిపిస్తుంది. ఊరివాళ్లు దిగే రేవులోనే దిగండి, వాళ్లు దిగినంత మేరకే. ఇసుక తవ్విన గోతులు నీళ్ల కింద కనిపించవు, మోకాలిలోతు నుంచి ఒక్క అడుగులో నిలువులోతు వస్తుంది. ఈత వచ్చు కదా అని ధీమా వద్దు.

ఇక మూడో రోజు, కొండ. కొత్తూరు నుంచి సీతంపేట, అక్కడి నుంచి పాలకొండ దిగి శ్రీకాకుళం వచ్చేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ మా నోట ఇప్పటికీ శ్రీకాకుళం ఏజెన్సీయే. సవరలు, జాతాపులు ఉండే ప్రాంతం. ఊళ్ల పేర్లు చదవడం నేర్చుకుంటే సగం భూగోళం వచ్చేస్తుంది. చివర 'గూడ' ఉంటే సాధారణంగా గిరిజనుల చిన్న పల్లె, 'వలస' ఉంటే ఎక్కడి నుంచో వచ్చి కట్టుకున్న ఊరు, పేరులో 'గెడ్డ' ఉంటే దగ్గర్లో నీళ్లున్నట్టు. గెడ్డ అంటే మిగతా ఆంధ్రులు వాగు అనేది. మెట్టుగూడ జలపాతం, సున్నపుగెడ్డ జలపాతం, పేర్లలోనే అంతా ఉంది.

బయల్దేరకముందే సంతరోజు ఎప్పుడో కనుక్కోండి. ఆ రోజుకి మీ మూడో రోజు కలిసేలా ప్రయాణం వెనకనుంచి లెక్కేసుకోండి, నేను చెప్పే అన్ని జాగ్రత్తల్లో ఇది పెద్దది. కొండవాళ్లు చీకటితోనే కావిళ్లు భుజాన వేసుకుని దిగుతారు. కాలాన్ని బట్టి అనాస, పనస, సీతాఫలం, పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు. తొమ్మిది దాటితే మంచి సరుకంతా వ్యాపారుల లారీల్లో ఉంటుంది. బేరం ఆడకండి. షోరూంలో మూడువేల చొక్కా నోరు మూసుకుని కొనేవాళ్లు, ఇక్కడ కొండ దిగి వచ్చిన ముసలమ్మ దగ్గర అనాసపండుకి అయిదు రూపాయలు తగ్గించమని నిలబడటం చూస్తే సిగ్గేస్తుంది. చిల్లర తెచ్చుకోండి, సిగ్నల్ లేక ఫోన్ పే తిరుగుతూనే ఉంటుంది.

ఫోటోల సంగతి. మొదటిసారి వెళ్లినప్పుడు చీపుర్లు అమ్ముతున్న ఒకావిడని దూరం నుంచి తీశాను. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు, పక్కనున్న చీపురుకట్ట తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది, నేను ఫోన్ దించేదాకా అలాగే ఉంది. తర్వాత మెల్లగా, "అడగలేదేటి బావూ?" అంది. అంతే. ఆ ఫోటో అక్కడే తీసేశాను. ఇప్పుడు ముందు కూర్చుంటాను, కొంటాను, ఏ ఊరు అప్పా అని మాట్లాడతాను. ఆ తర్వాత అడిగితే చాలాసార్లు సరే అంటారు, ఒక్కోసారి వద్దంటారు.

గూడల్లో కూడా అదే మర్యాద. సవరల ఇళ్లలో లోపలి గోడ మీద బొమ్మలు ఉంటాయి. ఎర్రమట్టి అలికిన గోడ, దాని మీద బియ్యప్పిండి నీళ్లలో కలిపి, వెదురుపుల్ల కొసతో వేసిన తెల్లటి బొమ్మలు. చుట్టూ చదరంగా హద్దు, లోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు. ముగ్గులాంటి అలంకారం అనుకుంటాం, కాదు. పెద్దలకి, దేవతలకి పెట్టే మొక్కులో భాగం, గోడ మీద వాళ్లకి కట్టిన ఇల్లు లాంటిది. మన దేవుడి గదిలోకి ఎవరో చెప్పులతో వచ్చి వీడియో తీస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్లకి కూడా. పిలిస్తేనే లోపలికి వెళ్లండి. చోడంబలి (రాగి అంబలి) ఇస్తే తాగండి, గుమ్మంలో ఎదురుచూస్తారు మీ మొహం చూడ్డానికి.

వాళ్ల భాష తెలుగుకి యాస కాదు, ముండా భాషల కుటుంబానికి చెందిన వేరే భాష. దాన్ని పట్టుకోవడానికి గిడుగు వారు చేసిన పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే: తెలుగు తెలిసిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని మాట మాటా అడిగి నేర్చుకున్నారు, తర్వాత నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు, సొంత డబ్బుతో వాళ్లకి బళ్లు పెట్టారు. ఈ కొండల్లో తిరిగి మన్యం జ్వరం, అంటే మలేరియా తెచ్చుకుని, క్వినైను మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. భాషలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది. కాబట్టి ఇక్కడ దోమల్ని తేలిగ్గా తీసుకోకండి. నిండు చేతుల చొక్కా, ఓడోమస్, రాత్రి ఉండాల్సి వస్తే దోమతెర. ఇంటికెళ్లాక కొన్ని వారాలకో, నెలలకో అయినా చలిజ్వరం వస్తే డాక్టరుకి "ఏజెన్సీకి వెళ్లొచ్చాను" అని మొదటి మాటగా చెప్పండి, రక్తపరీక్ష వెంటనే చేస్తారు.

జలపాతాలకి ఊరి కుర్రాడిని ఒకణ్ణి తోడు తీసుకెళ్లండి, డబ్బులివ్వండి. ఇప్పుడు నా గెడ్డ కథ. ఆషాఢంలో, నలుగురం, కొండమీద ఎండ కాస్తోంది. చీలమండల లోతు గెడ్డ దాటి అవతల బండలెక్కి అన్నం పొట్లాలు విప్పాం. మొదట నీళ్ల రంగు మారింది, గాజులా ఉన్నవి టీ రంగులోకి వచ్చాయి. మేం గమనించలేదు. తర్వాత ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. అప్పుడూ గమనించలేదు, ఫోటోలు తీసుకుంటున్నాం. పది నిమిషాల్లో, అబద్ధం కాదు, మేం దాటిన రాళ్లు మునిగిపోయాయి, చప్పుడుకి పక్కవాడి మాట వినపడటం లేదు. మా దగ్గర చినుకు లేదు, వాన పైన ఎక్కడో పడింది. టెన్షన్‌తో తాడు కట్టుకుని దాటేద్దాం అని ఒకడు లేచాడు. అవతల గట్టున మేకలు కాస్తున్న అతను రెండు చేతులూ ఊపి అరిచాడు, "దిగొద్దు బావూ, కూకోండి, సందేలకి గెడ్డ దిగిపోద్ది!" కూర్చున్నాం. నాలుగు గంటలు. నిజంగానే దిగిపోయింది. రంగు మారడం, ఆకులు రావడం, ఈ రెండూ కనిపిస్తే తినేది వదిలేసి ఇంటివైపు గట్టుకి వచ్చేయాలి. వచ్చే దారి మూసుకుపోతే దాటకుండా కూర్చోవాలి. ఆ రోజు మేకలతను లేకపోతే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణో లేదో.

ఏనుగులు ఇంకో సంగతి. ఒడిశా అడవుల నుంచి దిగిన గుంపులు ఏళ్లుగా ఈ సీతంపేట, భామిని, కొత్తూరు, కొమరాడ వైపు తిరుగుతున్నాయి. వరి, చెరకు, అరటి ఉన్న చోట సాయంత్రం కనిపిస్తాయి. పొద్దున్నే టీ కొట్టులో "ఏనుగులెటున్నాయి?" అని అడగండి, పక్కూరి పెళ్లికబురు చెప్పినట్టు చెప్తారు. ఆ వైపు పోకండి. దారిలో జనం, అటవీశాఖ వాళ్లు ఆపితే వాదన పెట్టుకోకండి. అయిదింటికల్లా రోడ్డు మీదికి వచ్చేయండి, ఆడలి వ్యూ పాయింటులో సూర్యాస్తమయం చూస్తూ చీకటి పడేదాకా ఉండిపోవాలనిపించినా సరే.

ఇప్పచెట్టు ఎక్కడైనా కనిపిస్తే ఒక నిమిషం ఆగండి. మధుకేశ్వరుడు గుర్తొస్తాడు.

తిరుగు ప్రయాణంలో పాలకొండ మీదుగా వస్తూ సమయం ఉంటే పొందూరు వైపు మళ్లండి. ఏటి దారి కాదు గానీ, కొండపత్తి కథ కాబట్టి కలుపుతున్నాను. పొందూరు ఖాదీ అందరికీ తెలుసు, చేసే పద్ధతి చూసినవాళ్లు తక్కువ. గుమ్మంలో ఒకావిడ కూర్చుని ఉంటుంది, చేతిలో తెల్లగా, వంపు తిరిగిన చిన్న ఎముక, దువ్వెనలా సన్నటి పళ్లు. వాలుగ చేప దవడ అది. గింజతో ఉన్న పత్తిని దానిమీద దువ్వుతుంది, చెత్త, నలుసు రాలిపోయి పోగులన్నీ ఒక దిక్కుకి తిరుగుతాయి. తర్వాత గింజ తీస్తారు, ఏకుతారు, ఏకులు చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటిబోదెలో పెట్టుకుంటారు. ఆ బోదెలోంచి ఒక్కో ఏకు తీసి రాట్నం మీద వడుకుతారు. చేప, అరటి, పత్తి, మనిషి చెయ్యి. మిషన్‌తో ఇంత సన్నగా తీయొచ్చేమో గానీ అంత మెత్తగా రావడం లేదని మా నాన్న అనేవారు, ఆయన పంచె ఒకటి నా దగ్గర ఇంకా ఉంది.

కొంటే అక్కడే కొనండి, రోడ్డు మీద "పొందూరు" అని అరిచి అమ్మేవి కాదు. వడికే వాళ్లకి ఎంత ముడుతుందో అడిగితే బేరం చెయ్యబుద్ధి కాదు. ఇంటికి తెచ్చాక మొదటిసారి విడిగా చన్నీళ్లలో తడపండి, మిషన్‌లో వెయ్యకండి, పిండకుండా నీడలో ఆరేసి, పలచగా గంజి పెట్టి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చెయ్యండి.